ఆడపిల్లకి ఎంపీసీ వద్దంట, మెదడే అట్టా ఉంటదంట. ఇది సైన్సేనా?

కావలి_రొయ్యలోడు
మా పాపకి పది అయిపోయింది. లెక్కల్లో మార్కులు బాగా వచ్చినాయి, ఎంపీసీ తీసుకుంటానంటా ఉండాది. నెల్లూరులో ఒక కాలేజీకి తీసకపోతే అడ్మిషన్లు చూసే ఆయన మాకే క్లాసు పీకాడు. "బొమ్మని మనసులో తిప్పి చూసే తెలివి ఆడపిల్లలకి తక్కువండీ, పరిశోధనల్లో తేలింది. ఫిజిక్సుకి, ఇంజనీరింగ్ డ్రాయింగుకి అదే ముఖ్యం. ఆడపిల్లలకి ఓర్పు ఎక్కువ, దయ ఎక్కువ, బైపీసీ ఇప్పించండి" అన్నాడు. ఫోన్లో మెదడు బొమ్మ కూడా చూపించాడు, ఎడమ సగం నీలం, కుడి సగం గులాబీ. పాప ఒక్క మాట మాట్లాడలా. బయటికొచ్చినాక మా బామ్మర్ది "ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది బావా" అన్నాడు. నాకు గుంటల్లో ఏరేటర్లు తిప్పించడం తప్ప మెదళ్ళ సంగతి తెలవదు. నిజంగా అట్టాంటి పరిశోధన ఉండాదా, లేకపోతే వాళ్ళకి బైపీసీ సెక్షన్ నిండలేదా?

పెన్నాగట్టు
రెండోదే. సెక్షన్ నిండలా. టాపిక్ క్లోజ్.

ఒంగోలు_గిత్త
పెన్నాగట్టూ, నువ్వు ప్రతి టాపిక్కూ రెండో పోస్టులోనే క్లోజ్ చేస్తావు. రొయ్యలన్నా, ఆయన గాల్లోంచి పుట్టించిందేం కాదు. బొమ్మ తిప్పే పరీక్ష నిజంగానే ఉంది. షెపర్డ్, మెట్జ్లర్ అని ఇద్దరు 1971లో ఆ బొమ్మలు తయారుచేశారు. తర్వాత వాటితో పెట్టిన పరీక్షల్లో మగవాళ్ళకి ఎక్కువ మార్కులు వస్తున్నాయని పేరు. అంతవరకు నేనూ చదివా. దాన్ని పట్టుకుని పిల్ల గ్రూపు మార్చమనడం మాత్రం ఆయన సొంత కవిత్వం.

మూలపేట_మాస్టారు
ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నా, ఎవరూ నొచ్చుకోవద్దు. ఆడపిల్లలు చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంటారు, నోట్సు ముత్యాల్లా రాస్తారు. అదే కొత్త లెక్క ఇస్తే మగపిల్లలే ముందు ఏదో ఒకటి గీకి చూస్తారు. పరిశోధన అక్కర్లేదు, తరగతి గదిలో నిలబడితే చాలు.

లెక్కల_టీచరమ్మ
మాస్టారూ, నేనూ తరగతి గదిలోనే నిలబడతా ఉండా, ఆత్మకూరు దగ్గర జడ్పీ హైస్కూల్లో. మగపిల్లలు గీకి చూస్తారు, నిజమే. తప్పు గీకితే "వెధవా" అని నవ్వి వదిలేస్తాం. ఆడపిల్ల బోర్డు దగ్గర తప్పు చేస్తే వెనక బెంచీ నుంచి కిచకిచలు, ఇంటికి పోయేసరికి వీధంతా తెలుస్తది. ఇంక ఆ పిల్ల ఎందుకు గీకుద్ది? సరైన జవాబు వచ్చిందాకా పుస్తకంలోనే చేసుకుంటది. దాన్ని మీరు బట్టీ అంటారు.

మూలపేట_మాస్టారు
బట్టీ అన్న మాట నేను వాడలేదమ్మా.

గూడూరు_నిమ్మకాయ
వాడలేదు గానీ మనసులో తిప్పి చూశారు మాస్టారు 😄

కందుకూరు_సైకో
సైకో అంటే సైకాలజీ, పీజీ చదువుతున్నా, భయపడకండి. పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఆ పరీక్షలో ఘనాలు ఒకదానికొకటి అంటించిన ఒక వంకర బొమ్మ ఇస్తారు. పక్కన ఇంకొన్ని బొమ్మలు. వాటిలో ఏవి మొదటి బొమ్మనే తిప్పితే వచ్చేవి, ఏవి అద్దంలో కనపడే తిరగేసిన బొమ్మలు అని పోల్చుకోవాలి. దీంట్లో మగవాళ్ళ సగటు ఎక్కువే వస్తుంది, చాలా దేశాల్లో అంతే. దాచాల్సిన సంగతేం కాదు. 1995లో వోయర్ బృందం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే తేడా 0.56 స్టాండర్డ్ డీవియేషన్ తేలింది (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత అది). ఆ 0.56కి అర్థం ఏంటో అడ్మిషన్ సారుకి తెలియకపోవడమే ఇక్కడ గొడవ.

ట్రంకు రోడ్డు మీద పోయేవాళ్ళలో కళ్ళు మూసుకుని ఒక మగాయన్ని, ఒక ఆవిడని పిలిచి ఈ పరీక్ష పెట్టారనుకోండి. ఇలాంటి నూరు జతల్లో 65 జతల్లో ఆయనకి ఎక్కువొస్తుంది, 35 జతల్లో ఆవిడకి. అదే ఎత్తు కొలిస్తే తొంభైకి పైగా జతల్లో ఆయనే పొడుగు. ఎత్తు విషయంలోనే మనం "ఆడపిల్ల కదా, వాలీబాల్ ఆడొద్దు" అనం. ఇక్కడేమో సగం తెలిసిన సగటు పట్టుకుని గ్రూపు మార్చమంటున్నాం.

ఇక మిగతా తెలివితేటలు. 2005లో జానెట్ హైడ్ అనే అమెరికా ప్రొఫెసర్ 46 మెటా అనాలిసిస్‌లు తీసుకుని చూశారు. ఒక్కో మెటా అనాలిసిస్సే బోలెడు అధ్యయనాలు కలిపి వేసిన లెక్క. వాటిలో దొరికిన తేడాల్లో 78 శాతం చిన్నవి, లేదా సున్నాకి దగ్గర. బాగా పెద్ద తేడా కనపడిన వాటిలో ఒకటి, బంతి ఎంత వేగంగా, ఎంత దూరం విసురుతారన్నది. లెక్కల సంగతైతే 2008లో ఆవిడే ఇంకొందరితో కలిసి అమెరికాలో పది రాష్ట్రాల బడిపిల్లల మార్కులు తీశారు, 70 లక్షల మందికి పైగా. రెండో తరగతి నుంచి పదకొండు దాకా ఎక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు.

పెన్నాగట్టు
బంతి విసరడం ఈఏపీసెట్‌లో పెట్టలేదు గదా ఇంకా?

ఒంగోలు_గిత్త
పెట్టినా మా ఊరి నుంచి ఒక్క ర్యాంకూ రాదు. అందరం ఫోన్లో క్రికెట్ బ్యాచ్.

బెంగుళూరు_నెల్లూరోడు
సైకో గారు చెప్పిన అంకెలు సరే. కానీ ఒక వైపే చెబుతున్నారు, రెండో వైపు నేను చెబుతా. తిట్టుకోండి, పర్లేదు.

ఒకటి, 2008లోనే రెండు వేరు వేరు బృందాలు పసిపిల్లల మీద చూశాయి. మూడు నెలల నుంచి అయిదు నెలల వయసు. బొమ్మని తిప్పి చూపిస్తే అద్దం బొమ్మకీ అసలుకీ తేడా మగ పసివాళ్ళు పసిగట్టినట్టు కనపడింది, ఆడ పసివాళ్ళలో కనపడలేదు. అయిదు నెలల పిల్లకి సమాజం ఏం నేర్పింది? రెండు, ఆసక్తులు. 2009లో సూ, రౌండ్స్, ఆర్మ్‌స్ట్రాంగ్ అని ముగ్గురు వేసిన లెక్కలో వస్తువులతో పని చేయడం మీద మగవాళ్ళ మొగ్గు, మనుషులతో పని మీద ఆడవాళ్ళ మొగ్గు, తేడా అదే కొలతలో 0.93. అది చిన్నది కాదు. తెలివి సమానమే అనుకున్నా ఇష్టాలు సమానం కావాలని లేదుగా. మా ఆఫీసులో టెస్టింగ్ టీంలో అమ్మాయిలు, సర్వర్లు చూసే టీంలో అబ్బాయిలు. ఎవరూ తోయలేదు వాళ్ళని.

లెక్కల_టీచరమ్మ
ఎవరూ తోయలేదా! సర్వర్ టీంకి రాత్రి షిఫ్టు ఉంటదా ఉండదా, అది చెప్పు నాయనా.

బెంగుళూరు_నెల్లూరోడు
ఉంటది అక్కా. అదొక కారణమే, కాదనను. అదొక్కటే కారణం అంటేనే ఒప్పుకోను.

కందుకూరు_సైకో
పసిపిల్లల అధ్యయనాలు నిజమే. గుంపులు చిన్నవి, తర్వాత చేసినవాళ్ళకి ఒకసారి తేడా కనపడింది, ఒకసారి కనపడలేదు. తీసిపారేయను, పునాదిగా కూడా వాడను. 0.93 సంగతి మాత్రం గట్టిదే, మీతో ఏకీభవిస్తున్నా. కాకపోతే ఆసక్తుల ప్రశ్నాపత్రం నింపేసరికి ఆ మనిషికి పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో వచ్చి ఉంటాయి. అప్పటికి ఎవరి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చారో, ఎవరి చేతికి చంటిపిల్లని ఇచ్చారో అన్నీ అయిపోయి ఉంటాయి.

మన దేశంలోనే జరిగినది ఒకటి చెబుతా. 2011లో గ్నీజీ, లిస్ట్, హాఫ్‌మన్ అని ఆర్థికవేత్తలు ఈశాన్యంలో రెండు తెగల దగ్గరికి పోయారు. ఖాసీలు, కార్బీలు. పక్క పక్కనే ఉంటారు, తిండీ పంటలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఖాసీల్లో ఆస్తి తల్లి నుంచి కూతురికి పోతుంది. కార్బీల్లో తండ్రి నుంచి కొడుక్కి, ఆడవాళ్ళ పేరున భూమి ఉండదు. రెండు చోట్లా కలిపి పన్నెండు వందల మందికి పైగా, ఒక్కొక్కరి చేతికి నాలుగు చెక్క ముక్కలిచ్చి బొమ్మ కుదర్చమన్నారు. కార్బీల్లో ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే 36 శాతం దాకా ఎక్కువ సమయం పట్టింది. ఖాసీల్లో తేడా లేదు.

ఒంగోలు_గిత్త
ఓహో. అంటే పట్టాదారు పాస్‌బుక్‌ మీద పేరుంటే చెక్క ముక్కలు గబగబా కుదురుతాయన్నమాట.

మూలపేట_మాస్టారు
అది తెలివి కాదు, ధైర్యం అనుకుంటాను. ఆస్తి చేతిలో ఉన్న మనిషి పరాయివాళ్ళ ముందు బెదరకుండా కూర్చుంటుంది.

కందుకూరు_సైకో
కావచ్చు మాస్టారూ. వాళ్ళు చదువు కూడా లెక్కలోకి తీసుకున్నారు, ఖాసీ ఆడవాళ్ళకి చదువు దాదాపు మగవాళ్ళతో సమానం. ధైర్యమా, చదువా, ఇంట్లో స్థానమా, ఏది ఎంత అని విడదీయడం కష్టం. పుట్టుకతో గీసిన గీత ఒక్కటే అయితే రెండు ఊళ్ళ అవతల మాయం కాకూడదు కదా.

బెంగుళూరు_నెల్లూరోడు
ఒకే అధ్యయనం. చెక్క బొమ్మ కుదర్చడం, మనసులో తిప్పడం ఒకటే కావు.

కందుకూరు_సైకో
అవును, ఒకటే కావు. ఆ మాట మీ పసిపిల్లల అధ్యయనాలకీ వర్తిస్తుంది.

చుక్కలముగ్గు
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి పోతా ఉంటా. ఈ బొమ్మ తిప్పే సంగతి చూసి చెయ్యి ఊరుకోలా. మా అత్త చదువుకోలేదు, సంతకం పెట్టదు. సంక్రాంతి నెలలో ఇరవై ఒక్క చుక్కల మెలిక ముగ్గు వేస్తది. పిండి చేతిలోంచి జారతా ఉంటే గీత ఒక చుక్క చుట్టూ పోయి, రెండు చుక్కలు దాటి, కింద నుంచి వచ్చి, మొదలెట్టిన చోటే కలవాలి. మధ్యలో యాడా తెగకూడదు. నాలుగు వైపులా ఒకే తీరు రావాలి. ఆమె ఒక మూల వేస్తా ఉండగానే మిగతా మూడు మూలలు ఎట్టా వస్తాయో ఆమెకి ముందే తెలుసు, నేను అడిగితే నేల మీద వేలితో చూపిస్తది. దీన్ని ఏ పరీక్షలో కొలుస్తారు?

దర్గామిట్ట_డాక్టర్
అమ్మా, మీ అత్తగారి పనిని కంప్యూటర్ సైన్సు వాళ్ళు యాభై ఏళ్ళ కిందటే పట్టుకున్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, కమలా కృతివాసన్ 1974లో ముగ్గుల మీద పేపరు వేశారు. ముగ్గు గీయడానికి ఉండే నియమాలని కంప్యూటర్ భాషల వ్యాకరణంలాగా రాసి చూపించారు. తమిళం వాళ్ళ కోలం మీద చేసిందే అయినా మన మెలిక ముగ్గుకీ అదే తర్కం.

బెంగుళూరు_నెల్లూరోడు
ముగ్గు గొప్పదే, మా అమ్మ కూడా వేస్తుంది. కానీ ఏళ్ళ తరబడి వేసిన ముగ్గు వేరు, ఎప్పుడూ చూడని బొమ్మని అప్పటికప్పుడు తిప్పడం వేరు. ఒకటి సాధన, ఇంకోటి తెలివి.

లెక్కల_టీచరమ్మ
మరి మగపిల్లలకి అది సాధన లేకుండానే వచ్చిందా? వీడియో గేములు ఎవరాడతారు ఇంట్లో? సైకో తల్లీ, గేముల మీద ఏదో ఉండాలే, నువ్వు చెప్పు.

కందుకూరు_సైకో
ఉంది టీచరమ్మా. 2007లో టొరంటోలో ఫెంగ్, స్పెన్స్, ప్రాట్ చేశారు. ఇలాంటి గేములు ఆడని విద్యార్థులతో పది గంటలు యాక్షన్ గేము ఆడించారు. అందరికీ బొమ్మ తిప్పే మార్కులు పెరిగాయి, ఆడపిల్లలకి ఇంకా ఎక్కువ పెరిగి తేడా బాగా తగ్గింది. గుంపు చిన్నదే, ఒప్పుకుంటా. కానీ 2013లో అటల్ బృందం ఇలాంటి శిక్షణ అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడూ తేలింది అదే: ఈ తెలివి నేర్పితే వస్తుంది, వచ్చింది కొంతకాలం నిలుస్తుంది, వేరే పనులకీ పాకుతుంది.

గూడూరు_నిమ్మకాయ
అంటే మా అక్క చేతికి ప్లే స్టేషన్ ఇవ్వాలా? ఇవ్వను. తేడా ఉంటే ఉండనీ.

కావలి_రొయ్యలోడు
మీరంతా ఇంత రాస్తారనుకోలా. ఆ రంగుల మెదడు సంగతి కూడా ఎవరన్నా చెప్పండి. మా బామ్మర్ది దాన్నే పట్టుకుని ఉండాడు. ఇంకోటి, ఆడవాళ్ళకి ఎమోషన్ ఎక్కువ, మగవాళ్ళకి లాజిక్ ఎక్కువ అనేది. అదీ ఉత్తదేనా?

దర్గామిట్ట_డాక్టర్
మెదడు సంగతి నేను చెబుతా. ఎడమ సగం లెక్కలు, కుడి సగం కళలు, మగవాడు ఎడమ, ఆడది కుడి, ఇదంతా వాట్సాప్ వైద్యం. మాట్లాడటం చాలామందికి ఎక్కువగా ఎడమ వైపు నడుస్తుంది, అంతవరకు నిజం. మనుషుల్లో ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అని ఉంటారా అని యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు 2013లో వెయ్యి మందికి పైగా స్కాన్లు చూస్తే అట్టాంటి జాతులేం కనపడలా.

మగవాళ్ళ మెదడు సగటున పదో వంతు పెద్దదే, ఒళ్ళు కూడా పెద్దది కాబట్టి. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు డాక్టరు బ్రోకా లాంటి మహానుభావులు తూకాలు వేసి ఆడవాళ్ళకి తెలివి తక్కువని తేల్చేశారు. ఆ లెక్కన తిమింగలం మన అందరికీ కలెక్టరు కావాలి. 2015లో డాఫ్నా జోయెల్ బృందం 1400కి పైగా మెదళ్ళ స్కాన్లు తీసుకుని, మగవాళ్ళలో ఎక్కువ కనపడే లక్షణాలేవి, ఆడవాళ్ళలో ఎక్కువ కనపడేవేవి అని భాగం భాగం చూసింది. తేడాలు ఉన్నాయి. కానీ ఒక మనిషి మెదడు తీసుకుంటే అందులో రెండు రకాలూ కలగలిసి ఉండటమే ఎక్కువ, అన్నీ ఒకే పక్కవి ఉన్నవాళ్ళు బహు తక్కువ. స్కాను చూసి ఆడా మగా అని కంప్యూటరు చాలావరకు చెప్పగలదు అని ఇంకొందరు వాదించారు, ఆ వాదన నడుస్తానే ఉండాది. మొహం చూసి మనమూ చెప్పగలం. మొహం చూసి ఎంపీసీయా బైపీసీయా అని చెప్పలేం.

పెన్నాగట్టు
తిమింగలం కలెక్టరు 😂😂 సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఎట్టా ఇవ్వాలి దానికి

కందుకూరు_సైకో
ఎమోషన్ గురించి నేను. "మీకు భావోద్వేగాలు ఎంత ఎక్కువ?" అని మొత్తంగా అడిగితే ఆడవాళ్ళు ఎక్కువని రాస్తారు, మగవాళ్ళు తక్కువని రాస్తారు. 1998లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ వాళ్ళు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడిన వెంటనే అప్పటికప్పుడు రాయించారు. అలా అప్పటికప్పుడు రాసిన వాటి సగటు తీస్తే తేడా కనపడలేదు. అంటే గుర్తు తెచ్చుకుని చెప్పేటప్పుడు "నేను ఆడదాన్ని కదా, ఎక్కువే ఉండుంటుంది" అనే లెక్క దూరుతోంది. అదే ఏడాది క్రింగ్, గోర్డన్ సినిమా ముక్కలు చూపించి చూశారు. ఆడవాళ్ళ మొహంలో ఎక్కువ కనపడింది. లోపల ఎంత అనిపించిందని అడిగితే ఇద్దరిదీ ఒకటే.

ఎదుటివాళ్ళ మనసు చదవడంలో మాత్రం ఆడవాళ్ళకి చిన్న ఆధిక్యం ఉంది. కళ్ళ ఫోటోలు మాత్రమే చూపించి ఆ మనిషికి ఏమనిపిస్తోందో చెప్పమనే పరీక్ష ఉంది, 36 ఫోటోలు. 57 దేశాల్లో పెట్టి 2022లో ప్రచురించారు. ఏ దేశంలోనూ మగవాళ్ళ సగటు ఆడవాళ్ళని దాటలేదు. ఎక్కువ దేశాల్లో ఆడవాళ్ళే మెరుగు, మిగతా చోట్ల సమానం. తేడా చిన్నదే. అదీ ఒక తమాషా ఉంది: 2001లో క్లైన్, హాడ్జెస్ ఎదుటి మనిషి మనసులో ఏముందో సరిగ్గా చెబితే డబ్బులిస్తామన్నారు. మగవాళ్ళ మార్కులు ఆడవాళ్ళతో సమానమైపోయాయి.

చుక్కలముగ్గు
అయితే మా ఆయనకి నేనెందుకు అలిగానో ఇన్నేళ్ళూ తెలియక కాదన్నమాట. కూలి కిట్టుబాటు కాలా.

ఒంగోలు_గిత్త
ఈ టాపిక్కు మా ఇంట్లో ఎవరికీ చూపించొద్దు ప్లీజ్.

కలిగిరి_కందిపప్పు
ఎమోషన్ ఎక్కువ, లాజిక్ తక్కువ అన్నవాళ్ళు మా మండలం రండి. దూబగుంట మాదే. 1992లో సారా ఉద్యమం అక్కడే రాజుకుంది. అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిపూట చదువుకునే ఆడవాళ్ళు, పాఠంలో సారా గురించి చదివి, మన ఊళ్ళోనూ ఇదే గదా అని లేచారు. ముందు నిలబడిన రోసమ్మ గారి పేరు అందరికీ తెలుసు. ఏడ్చారు, తిట్టారు, చీపుర్లు పట్టుకున్నారు, అదంతా ఎమోషనే. దాంతోపాటు ప్రభుత్వానికి డబ్బు యాడ నుంచి వస్తా ఉండాదో కనిపెట్టి వేలంపాటల్నే పట్టుకున్నారు. జిల్లాలో పాటలు వాయిదాల మీద వాయిదాలు పడినాయి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో మొత్తం మద్యమే. కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్ళు వేసిన ఎత్తుగడ అది. దాంట్లో ఎమోషన్ యాడ అయిపోయి లాజిక్ యాడ మొదలయిందో గీత గీసి చూపించండి.

మూలపేట_మాస్టారు
అప్పుడు నేను వింజమూరులో పని చేస్తున్నాను. కళ్ళారా చూశాను. ఆ మాటకి ఎదురు చెప్పను.

పొగాకు_బ్యారన్
మగవాళ్ళ సంగతి కూడా ఒక ముక్క. లోపల ఒకటే, బయటికి తేడా అని సైకో గారన్నారు కదా. మాది కొండపి పక్క పల్లె. పొగాకు రేటు పడిన ఏడాది మా చిన్నాయన అప్పుల గురించి ఇంట్లో ఒక్క మాట అనలేదు. వేలం కేంద్రం నుంచి బేళ్ళు వెనక్కి తెచ్చిన రోజు కూడా అందరితో కూర్చుని అన్నం తిన్నాడు, పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు. తెల్లారేసరికి పొగాకు కాల్చే బ్యారన్‌లో ఉరేసుకుని ఉన్నాడు. మనిషిలో ఏం లేదని ఎవరనగలరు? మన దేశంలో ఆత్మహత్య చేసుకునేవాళ్ళలో మూడింట రెండు వంతులకి పైగా మగవాళ్ళేనని జాతీయ నేర రికార్డుల లెక్క. ఆడవాళ్ళకి ఎమోషన్ ఎక్కువ అని నవ్వుకునేవాళ్ళు ఇది కూడా చూసుకోవాలి.

దర్గామిట్ట_డాక్టర్
మా ఓపీకి కూడా మగవాళ్ళు గుండె దడ అనో, గ్యాస్ అనో, నిద్ర లేదనో వస్తారు. దిగులుగా ఉండాదని చెప్పరు, పక్కనున్న భార్య చెబుతుంది. ఎవరికన్నా అట్టా ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

పెన్నాగట్టు
బ్యారన్ అన్నా, 🙏. జోకులు ఆపుతా ఉండా కాసేపు.

లెక్కల_టీచరమ్మ
మళ్ళీ ఎంపీసీకి వస్తా. 2018కి ముందు ఐఐటీల్లో అమ్మాయిలు పదో వంతు కూడా లేరు. ఆ ఏడు నుంచి అదనపు సీట్లు వేసి 2020కల్లా 20 శాతం చేయాలని పెట్టుకున్నారు. పది, ఇంటర్ ఫలితాల్లో ఏటా ఆడపిల్లల ఉత్తీర్ణతే ఎక్కువ, అది పేపర్లో వస్తానే ఉంటది. మరి ఆ పిల్లలంతా జేఈఈ దగ్గర యాడికి పోతా ఉండారు? మా బడిలో పోయినేడు నుంచి ఇద్దరు అక్కాతమ్ముళ్ళని చూస్తా ఉండా. అక్కకి మార్కులు ఎక్కువ. తమ్ముణ్ణి విజయవాడ హాస్టల్లో వేస్తారంట ఇప్పటి నుంచే, అక్కని బస్సు దూరంలో ఉన్న కాలేజీకి. ఆమె మెదడు తిప్పుకోవాల్సింది ఘనాలని కాదు, వాళ్ళ నాయన్ని.

బెంగుళూరు_నెల్లూరోడు
హాస్టల్ సంగతి వంద శాతం నిజం, మా చెల్లి విషయంలో అదే జరిగింది. అయినా నా పాయింటు ఒకటి మిగిలే ఉంది. ఆంక్షలు తక్కువున్న దేశాల్లో ఆడపిల్లలు సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువుల వైపు ఇంకా తక్కువ పోతున్నారని 2018లో స్టోయెట్, గీరీ పేపరు వేశారు. మన దేశంలో సైన్సు, ఇంజనీరింగ్ లాంటివి చదివేవాళ్ళలో ఆడవాళ్ళు నలభై శాతం పైన. ఇక్కడ జీతం కోసం చదువుతారు, అక్కడ ఇష్టం కోసం.

కందుకూరు_సైకో
ఆ పేపరు మీద ఇంకొందరు ఆ అంకెలు మాకు తేలడం లేదన్నారు. అప్పుడు రచయితలు లెక్క వేసిన పద్ధతిని వివరంగా చెబుతూ సవరణ వేయాల్సొచ్చింది. వాదన చచ్చిపోలేదు, కానీ మొదట పేపర్లలో వచ్చినంత గట్టిది కాదు. నా పక్క కూడా అలాంటిదే ఒకటి పోయింది. పరీక్ష ముందు "ఆడపిల్లలకి ఇది రాదు" అని గుర్తు చేస్తే మార్కులు పడిపోతాయని 1999లో స్పెన్సర్, స్టీల్, క్విన్ చెప్పారు, పుస్తకాలన్నింట్లో ఎక్కింది. 2018లో నెదర్లాండ్స్‌లో రెండు వేల మంది బడిపిల్లల మీద జాగ్రత్తగా చేస్తే ఆ ప్రభావం కనపడలేదు. కాబట్టి ఆ సారు మాటకి పాప మార్కులు పడిపోతాయని నేను భయపెట్టను. పాప గ్రూపు మార్చుకుంటేనే నష్టం.

ఉదయగిరి_చెంచా
మా ఊళ్ళో చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కర్ర ముక్క చూసి దాంట్లో చెంచా ఏ వాలులో ఉండాదో గీత పెట్టకుండానే నరకతారు. వాళ్ళకి ఈ ఘనాల పరీక్ష పెట్టమనండి, నేను టీ ఇప్పిస్తా.

పొగాకు_బ్యారన్
మా దగ్గర గ్రేడింగూ అంతే. ఆకుని బ్రైట్, మీడియం, లో అని రంగు చూసి విడదీసేది ఆడవాళ్ళే. ఆడవాళ్ళ కన్ను చురుకు, చెయ్యి మెత్తన అంటారు.

దర్గామిట్ట_డాక్టర్
ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని రంగుగుడ్డి మగవాళ్ళలోనే ఎక్కువ, ఆ జీను ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి. అంతకు మించి గ్రేడింగు నేర్చుకునేదే.

లెక్కల_టీచరమ్మ
బ్యారన్ అన్నా, చురుకు కన్నుకి కూలి ఎంత? మోసే మగాయనకి ఎంత?

పొగాకు_బ్యారన్
మగాయనకే ఎక్కువ టీచరమ్మా. బరువు మోస్తాడని.

లెక్కల_టీచరమ్మ
బేలు తీసుకుపోయినాక రేటు పలికేది బరువుని బట్టా, గ్రేడుని బట్టా?

పొగాకు_బ్యారన్
గ్రేడుని బట్టే. అది నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఈ సీజన్లో గ్రేడింగు కూలి పెంచమని అడిగారు, పక్క రైతులంతా ఒకటై వద్దన్నారు. నేనొక్కణ్ణే పెంచితే ఊళ్ళో ఉండనిస్తారా చెప్పండి.

ఒంగోలు_గిత్త
ఇది వేరే టాపిక్కు పెట్టాల్సింది, వంద పోస్టులు పడతాయి.

కావలి_రొయ్యలోడు
డ్రాయింగుకి ఆ ఘనాల తెలివి కావాలన్నారు గదా, దాన్ని ఇంట్లో నేర్పించే దారి ఏదన్నా ఉండాదా? ప్లే స్టేషన్ కాకుండా.

కందుకూరు_సైకో
ఉంది. షెరిల్ సోర్బీ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ మిషిగన్ టెక్‌లో 1993 నుంచి ఇదే నేర్పారు. మొదటి ఏడాది విద్యార్థుల్లో ఘనాల పరీక్షలో తక్కువ వచ్చినవాళ్ళకి విడిగా చిన్న కోర్సు. అది చేసినవాళ్ళకి డ్రాయింగు మార్కులు పెరిగాయి, ఆడపిల్లల్లో ఇంజనీరింగ్ వదిలేసి పోయేవాళ్ళు తగ్గారు. చేయించేది పెద్ద మాయేం కాదు, పెన్సిలూ కాగితమూ పట్టి ఘనాల బొమ్మలు గీయించడం, తిప్పితే ఎలా ఉంటుందో గీయించడం.

లెక్కల_టీచరమ్మ
రొయ్యలన్నా, సబ్బు బిళ్ళ ఒకటి తీసుకుని కత్తితో మూల కోసేసి ముందు పెట్టమను. పైనుంచి చూస్తే ఎట్టా ఉంటదో, పక్కనుంచి ఎట్టా ఉంటదో, ఎదురుగా ఎట్టా ఉంటదో మూడు బొమ్మలు గీయాలి. ముందు ముట్టుకోకుండా గీయాలి, తర్వాతే తిప్పి చూసుకోవాలి. వచ్చినాక ఇంకో మూల కోయమను. చుక్కల గళ్ళ కాగితం, ఐసోమెట్రిక్ అని అడిగితే, పాలిటెక్నిక్ పక్కన జిరాక్స్ షాపుల్లో దొరుకుద్ది.

గూడూరు_నిమ్మకాయ
ఏ సబ్బు అక్కా? మా ఇంట్లో ఉన్నదానికి ఇప్పటికే అన్ని మూలలూ అరిగిపోయి ఉండాయి.

లెక్కల_టీచరమ్మ
బట్టల సబ్బు బారు తీసుకో. చవక, కోసేదానికి మెత్తన. మీ అక్కతో పాటు నువ్వూ కూర్చో.